ముందు గ్యాసు, తర్వాతే బస్సు: డిపో మొత్తాన్ని డీజిల్ నుంచి సీఎన్‌జీకి మార్చే పద్ధతి

"మా బస్సులన్నీ సీఎన్‌జీకి మార్చాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. కాలేజీ బస్సులు తిప్పేవాళ్లు, సిటీలో అద్దె బస్సులు నడిపేవాళ్లు, గ్యారేజీల్లో కొత్తగా చేరిన కుర్రాళ్లు. అందరూ ముందు అడిగేది ఏ కంపెనీ బస్సు కొనాలని. నా లెక్కలో ఆ ప్రశ్న నాలుగోది. మొదటిది వేరే ఉంది: రాత్రి పన్నెండింటికి డిపోకి చేరిన బస్సుకు తెల్లారి నాలుగున్నరలోపు గ్యాసు ఎక్కడ నింపుతారు, ఎంతసేపట్లో నింపుతారు?

ఢిల్లీలో 1998 జులైలో సుప్రీంకోర్టు ఆదేశం వచ్చింది. 2001 మార్చి ఆఖరుకల్లా సిటీ బస్సులన్నీ సీఎన్‌జీ మీదే నడవాలన్నారు. బస్సులు వచ్చిన వేగంతో గ్యాసు బంకులు రాలేదు. బంకుల ముందు బస్సులు గంటల తరబడి క్యూలో నిలబడ్డాయి. గడువు జరుగుతూ జరుగుతూ 2002 చివరికి గానీ పని పూర్తికాలేదు. ఆ తప్పు మీరు మళ్లీ చేయకుండా ఉండటానికే ఈ వరుస.

లెక్కలకు ఒకే ఉదాహరణ పట్టుకుందాం: 60 బస్సుల డిపో, ఒక్కో బస్సు రోజుకు 210 కిలోమీటర్లు. మీ అంకెలు వేరైతే వాటిని పెట్టుకుని ఇదే లెక్క మళ్లీ చేయండి.

## 1. అసలు సీఎన్‌జీ మీకు సరిపోతుందా?

డబ్బు మిగులుతుందన్న నమ్మకంతోనే దిగకండి. కాగితం మీద కిలో గ్యాసులో లీటరు డీజిల్ కంటే శక్తి ఎక్కువే. కానీ స్పార్క్ ప్లగ్ ఇంజిన్, అడుగడుగునా ఆగే సిటీ రోడ్డు, సిలిండర్ల బరువు కలిసి ఆ లాభాన్ని తినేస్తాయి.

లెక్క ఇలా వేయండి. మీ రూట్‌లో డీజిల్ బస్సు కేఎంపీఎల్ (లీటరుకు కిలోమీటర్లు) 4.5 అనుకుందాం. అదే రూట్‌లో సీఎన్‌జీ బస్సు కిలోకు 3.6 కిలోమీటర్లు ఇచ్చిందనుకుందాం. 3.6ను 4.5తో భాగిస్తే 0.8. అంటే కిలో గ్యాసు ధర లీటరు డీజిల్ ధరలో 80 శాతం కంటే తక్కువుంటేనే ఇంధనం మీద మీకు రూపాయి మిగులుతుంది. రెండు ధరలూ పక్కపక్కన రాసుకుని చూడండి. కొన్ని ఊళ్లలో ఈ లెక్క నష్టమే చూపిస్తుంది.

అలాంటప్పుడు ఎందుకు మార్చడం? నల్లపొగ దాదాపు పోతుంది. బీఎస్-6 డీజిల్ బస్సులో డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ సిటీ ట్రాఫిక్‌లో మాటిమాటికీ మూసుకుపోతుంది, పొగను శుభ్రం చేసే డీఈఎఫ్ అనే యూరియా ద్రవం పోస్తూనే ఉండాలి. సీఎన్‌జీ బస్సుకు ఆ రెండు బాధలూ లేవు. గ్యారేజీ వాళ్లకు అది చిన్న విషయం కాదు.

రోజుకు 150 కిలోమీటర్ల లోపు తిరిగే బస్సులైతే ఎలక్ట్రిక్ లెక్క కూడా పక్కన వేసుకోండి. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకంలో హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. పెద్ద సిటీ అటువైపు వెళ్తోంది. గ్యాసు పైప్‌లైన్ దగ్గరగా ఉండి, రోజుకు 200 కిలోమీటర్లు దాటే చోట సీఎన్‌జీకి ఇంకా పని ఉందని నా అభిప్రాయం.

## 2. గ్యాసు ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకోండి

మన దేశంలో సిటీ గ్యాసుకు ప్రాంతాలవారీగా పీఎన్‌జీఆర్‌బీ (పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు) అనుమతి ఇస్తుంది. హైదరాబాద్, విజయవాడల్లో భాగ్యనగర్ గ్యాస్ ఉన్నట్టు మీ ప్రాంతానికీ ఒక కంపెనీ ఉంటుంది. నచ్చిన కంపెనీ దగ్గర కొనుక్కుందామంటే కుదరదు. బేరం ఏదైనా బస్సుల ఆర్డర్ పెట్టకముందే ఆడాలి. ఆర్డర్ పెట్టాక మీ చేతిలో ఏమీ ఉండదు.

ముందు మీకు వచ్చేది ఏ రకం స్టేషనో అడగండి.

- మదర్ స్టేషన్: పెద్ద పైప్‌లైన్ దగ్గరే ఉంటుంది. బస్సులకూ నింపుతుంది, బయటికి వెళ్లే క్యాస్కేడ్ (కలిపి కట్టిన పెద్ద సిలిండర్ల గుత్తి) లారీలకూ నింపుతుంది.
- ఆన్‌లైన్ స్టేషన్: పైప్‌లైన్ డిపో దాకా వస్తుంది, అక్కడే కంప్రెసర్ ఉంటుంది. బస్సుల డిపోకు ఇదే కావాలి.
- డాటర్ బూస్టర్: గ్యాసు లారీ మీద వస్తుంది, చిన్న కంప్రెసర్ ప్రెషర్ పెంచుతుంది. కొద్ది బస్సులకు సరిపోతుంది.
- డాటర్: లారీ మీద వస్తుంది, ప్రెషర్ పెంచే మిషన్ ఉండదు. క్యాస్కేడ్ ఖాళీ అయ్యేకొద్దీ నింపే వేగం పడిపోతుంది. ఆటోలకు సరే, బస్సులకు వద్దు.

"ముందు డాటర్ పెట్టి నడపండి సార్, ఆరు నెలల్లో పైప్‌లైన్ వచ్చేస్తుంది" అని ఎవరైనా అంటే, పైప్‌లైన్ వచ్చిన రోజే బస్సులు కొంటామని చెప్పండి. మొహమాటపడొద్దు.

ఒప్పందంలో రాయించుకోవాల్సినవి:

- డిపో దగ్గర పైప్‌లైన్ కనీస ప్రెషర్ ఎంత
- బస్సు సిలిండర్లు చల్లబడ్డాక కూడా ఉండాల్సిన ప్రెషర్ ఎంత
- రాత్రి కంప్రెసర్ ఆగితే ఎన్ని గంటల్లో బాగుచేస్తారు, చేయకపోతే ఎవరు భరిస్తారు
- మీరు తప్పనిసరిగా కొనాల్సిన కనీస పరిమాణం (మొదటి ఏడాది తక్కువ రాయించుకోండి)
- గ్యాసులో తేమ, నూనె ఎంతకు మించకూడదు
- డిస్పెన్సర్‌కు (బస్సుకు గ్యాసు కొలిచి నింపే మిషన్) తూనికలు కొలతల శాఖ ముద్ర, దాని తేదీ

స్టేషన్‌కు పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్స్, హెచ్‌టీ (హైటెన్షన్) కరెంట్ కనెక్షన్, ఫైర్ అనుమతి కావాలి. ఈ కాగితాలకు పట్టే కాలం బస్సు డెలివరీకి పట్టే కాలం కంటే ఎక్కువ. అందుకే వీటిని ముందు కదిలించాలి.

## 3. రాత్రి ఫిల్లింగ్ లెక్క

మొత్తం పనిలో ఎక్కువ మంది వదిలేసేది దీన్నే. నెమ్మదిగా చదవండి.

రోజుకు కావాల్సిన గ్యాసు. 210 కిలోమీటర్లను 3.6తో భాగిస్తే సుమారు 58 కిలోలు. డెడ్ కిలోమీటర్లు (ప్రయాణికులు లేకుండా తిరిగేవి), ట్రాఫిక్, ఎండాకాలం కలిపి 70 అనుకోండి. 60 బస్సులకు 4,200 కిలోలు.

కంప్రెసర్. మన దగ్గర ఎక్కువగా కనిపించేది గంటకు 1,200 ఘనపు మీటర్ల కంప్రెసర్. అంటే గంటకు సుమారు 850 కిలోలు. 4,200ను 850తో భాగిస్తే ఐదు గంటలు.

డిస్పెన్సర్. ప్రెషర్ బాగుంటే నింపడానికి ఎనిమిది నిమిషాలు. బస్సు వచ్చి నిలబడటం, నాజిల్ తగిలించడం, తీయడం, కదలడం కలిపి 12 నిమిషాలు వేసుకోండి. ఒక్కో హోస్ మీద గంటకు ఐదు బస్సులు. రెండు హోస్‌లుంటే గంటకు పది, 60 బస్సులకు ఆరు గంటలు.

బస్సులు రాత్రి తొమ్మిదిన్నరకు రావడం మొదలైతే చివరి బస్సు నిండేది మూడున్నరకు. మొదటి సర్వీస్ నాలుగున్నరకు. సరిపోయింది కదా అనిపిస్తుంది. అరగంట కరెంట్ పోతే? కంప్రెసర్ గంటసేపు ఆగితే? ఉన్న ఒక్క గంట వెసులుబాటు అక్కడే అయిపోతుంది, మర్నాటి సర్వీసులు క్యాన్సిల్.

అందుకే కనీసం ఇవి ఉండాలి: రెండు కంప్రెసర్లు (ఒకటి స్టాండ్‌బై), మూడు హోస్‌లు, తొమ్మిదిన్నరకల్లా నిండుగా ఉండే క్యాస్కేడ్. నాజిల్ బస్సులకు పెట్టే పెద్ద రకమే కావాలి. కార్లకు పెట్టే సన్న నాజిల్‌తో బస్సు నింపితే పైన వేసిన లెక్కంతా రెండింతలు అవుతుంది.

ఇక ముల్లు చేసే మోసం ఒకటుంది. మేం మొదలుపెట్టిన వారంలో ఒక బస్సుకు రాత్రి ఒంటిగంటకు గ్యాసు పట్టాం. గేజ్ ముల్లు 200 బార్ మీద నిలబడింది. ఫిల్లింగ్ కుర్రాడు స్లిప్ మీద "ఫుల్" అని రాశాడు. తెల్లారి డ్రైవర్ బండెక్కి చూస్తే 170. లీకేమోనని సబ్బునీళ్లు పట్టుకుని జాయింటు జాయింటుకూ పూసి చూశాం. ఒక్క బుడగ రాలేదు. లీకు లేదు. వేగంగా నింపితే గ్యాసు సిలిండర్‌లో వేడెక్కుతుంది, వేడి గ్యాసు ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, చల్లబడ్డాక అసలు సంగతి బయటపడుతుంది. ఆ రోజు ఆ బస్సు సాయంత్రం ట్రిప్ మధ్యలో ఆగిపోయింది.

దీనికి మందు రెండు రకాలు. మొదటిది, ఉష్ణోగ్రతను బట్టి ప్రెషర్ సరిచేసే డిస్పెన్సర్ తీసుకోవడం. రెండోది, లాంగ్ షెడ్యూల్ బస్సులకు బయలుదేరే ముందు అయిదు నిమిషాల టాప్-అప్. "ఇంకో పది బార్ ఎక్కువ పట్టు" అని కుర్రాడిని తొందరపెట్టడం మాత్రం మందు కాదు.

ట్యాంకు లెక్క కూడా ఇక్కడే. మొత్తం 720 లీటర్ల నీటి కొలత ఉన్న సిలిండర్లలో చల్లటి రోజు 110 కిలోల దాకా పడుతుంది. మే నెల ఎండలో 100 పడితే గొప్ప. అడుగున మిగిలే గ్యాసు ఇంజిన్‌కు పనికిరాదు, దాన్ని తీసేయండి. బ్రోచర్‌లో రాసిన రేంజ్‌ను నమ్మి షెడ్యూల్ వేయకండి.

పార్కింగ్ వరుస. నాలుగున్నరకు వెళ్లే బస్సు ముందు నిండాలి, ముందు వరుసలో నిలవాలి. డీజిల్ రోజుల్లో ఎవరు ముందొస్తే వాళ్లు పట్టించుకుని వెళ్లేవాళ్లు. ఇప్పుడు కంట్రోలర్ దగ్గర రాత్రి లిస్టు ఉండాలి.

## 4. కొత్త బస్సా, పాత బస్సుకు కిట్టా?

డిపో మొత్తం మార్చేవాళ్లకు నా సలహా: ఫ్యాక్టరీలో తయారైన సీఎన్‌జీ బస్సులే కొనండి.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. సీఎన్‌జీలో ఉండే మీథేన్ అలా అంటుకోదు. అందుకే మార్పిడిలో పిస్టన్లు మార్చి కంప్రెషన్ తగ్గించాలి, ఇంజెక్టర్ల చోట ప్లగ్‌లు పెట్టాలి, కాయిల్స్, థ్రాటిల్, కొత్త ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ అన్నీ పెట్టాలి. ఇది సగం ఇంజిన్ కొత్తగా కట్టినంత పని. ఎనిమిదేళ్లు నడిచిన బస్సు మీద అంత ఖర్చు పెడితే ఇంజిన్ కొత్తది, ఛాసిస్ పాతది అవుతుంది.

తప్పదంటే ఇవి చూసుకోండి: మీ మోడల్‌కే ఆ కిట్‌కు ఏఆర్ఏఐ లేదా ఐక్యాట్ లాంటి వాహన పరీక్షా సంస్థ ఆమోదం ఉందా, బిగించేవాళ్లకు అనుమతి ఉందా, ఆర్‌సీలో ఇంధనం మార్పు రాయించారా, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పారా. చివరిది మరిచిపోతే ప్రమాదం జరిగిన రోజు గుర్తొస్తుంది.

బరువు కూడా చూడండి. స్టీలు సిలిండర్ లీటరుకు సుమారు కిలో తూగుతుంది. 720 లీటర్లంటే దగ్గర దగ్గర 700 కిలోలు. డీజిల్ ట్యాంకు బరువు తీసేసినా అర టన్ను పైనే మిగులుతుంది, అంటే ఎనిమిది మంది ప్రయాణికులు. స్ప్రింగులు, బ్రేకులు, టైర్లు ఆ బరువును రోజూ మోస్తాయి.

## 5. షెడ్డును మార్చకుండా బస్సును లోపలికి రానివ్వొద్దు

ఇంట్లో వంట సిలిండర్ లీకైతే గ్యాసు నేల మీద పారుతుంది. మనందరికీ ఆ భయమే అలవాటు. అందుకే కొత్తగా మారే గ్యారేజీలో డిటెక్టర్లను మోకాలి ఎత్తులో బిగించడం చూశాను. సీఎన్‌జీ గాలి కంటే తేలిక, పైకి పోతుంది. డిటెక్టర్ ఉండాల్సింది కప్పు కింద.

ఆరుబయట లీకైన గ్యాసు ఆకాశంలోకి పోయి పలచబడుతుంది. కప్పు మూసిన షెడ్డులో దూలాల మధ్య గూడు కట్టుకుంటుంది. గాలిలో 5 నుంచి 15 శాతం దాకా కలిసినప్పుడు నిప్పురవ్వ చాలు. డిటెక్టర్ అలారంను ఆ 5లో ఐదో వంతు దగ్గర, అంటే గాలిలో 1 శాతం దగ్గరే మోగేలా పెట్టించండి.

షెడ్డు చెక్‌లిస్ట్:

- కప్పు శిఖరం పొడవునా గాలి పోయే తెరుపు. మూలల్లో గ్యాసు ఇరుక్కునే గూళ్లు లేవు
- కప్పు దగ్గరి లైట్లు, ఫ్యాన్లు, స్విచ్‌లు ఫ్లేమ్‌ప్రూఫ్ రకం
- డిటెక్టర్ మోగితే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తమంతట తామే తిరిగే ఏర్పాటు
- వెల్డింగ్, గ్రైండింగ్ వేరే బేలో, సీఎన్‌జీ బస్సులకు దూరంగా
- సిలిండర్లలో గ్యాసు దించే చోటు ఆరుబయట, బోర్డు పెట్టి
- మెయిన్ స్విచ్ షెడ్డు బయట, చీకట్లోనూ కనబడేలా

బస్సు బాడీకి వెల్డింగ్ చేయాలంటే వరుస ఇది: గ్యాసు దించాలి, సిలిండర్ వాల్వులు మూయాలి, లైన్‌లో మిగిలింది ఇంజిన్ ఆడించి కాల్చేయాలి, బ్యాటరీ విప్పాలి, ఈసీయూ కనెక్టర్ తీయాలి, మీటర్‌తో గ్యాసు లేదని చూడాలి. ఆ తర్వాతే టార్చ్ వెలిగించాలి. "చిన్న అతుకే కదా" అన్నా ఈ వరుస తప్పకూడదు.

## 6. మనుషులకు నేర్పడం

బస్సులు రావడానికి కనీసం రెండు నెలల ముందు మెకానిక్‌లను సీఎన్‌జీ నడుస్తున్న డిపోకు పంపండి. క్లాసులో చెప్పింది పదిరోజుల్లో పోతుంది. విజయవాడలో సిటీ బస్సులకు సీఎన్‌జీ కొత్తేమీ కాదు, అక్కడ చేయి తిరిగిన వాళ్లు దొరుకుతారు.

మెకానిక్‌లకు మూడు నియమాలు. లీకు వెతకడానికి సబ్బునీళ్లు లేదా డిటెక్టర్ మాత్రమే. ప్రెషర్ ఉన్న ఫిట్టింగ్‌ను ఎప్పుడూ బిగించొద్దు, లైన్ ఖాళీ చేశాకే స్పానర్ పట్టాలి. ఒకసారి విప్పిన ఫెర్రూల్‌ను (జాయింట్ దగ్గర పైపును పట్టి ఉంచే రింగు) అదే పైపుకు, అదే నట్టుకు పెట్టాలి. అనుమానం వస్తే పైపే మార్చాలి.

డ్రైవర్లకు. పికప్ డీజిల్‌లా ఉండదు. మొదటి వారం "బండి లాగట్లేదు" అన్న కంప్లయింట్లు వస్తాయి, ఓపిక పట్టండి. యాక్సిలరేటర్ తొక్కిపట్టినంత మాత్రాన లాగదు, గ్యాసు మాత్రం ఖర్చవుతుంది. టెర్మినల్‌లో ఇంజిన్ ఆపమని గట్టిగా చెప్పండి.

భయం గురించి కూడా మాట్లాడాలి. 2014 జూన్‌లో అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలుడు చూసినవాళ్లు, విన్నవాళ్లు మన డ్రైవర్లలో ఉన్నారు. "మా సీటు వెనకే బాంబు పెట్టారు" అన్న మాట నేను విన్నాను. నవ్వి తీసిపారేయొద్దు. బస్సు దగ్గరికి తీసుకెళ్లి సిలిండర్ వాల్వ్, పైపు తెగితే గ్యాసును అడ్డుకునే వాల్వ్, వేడికి కరిగి గ్యాసును బయటికి వదిలే సేఫ్టీ ప్లగ్ ఒక్కొక్కటీ చేత్తో ముట్టుకునేలా చూపించండి. మెయిన్ వాల్వ్‌ను వాళ్ల చేత్తోనే పదిసార్లు మూయించండి.

మంట వస్తే వరుస: బస్సు ఆపు, తలుపులు తెరిచి జనాన్ని దించు, ఇంజిన్ ఆపి బ్యాటరీ కటాఫ్ లాగు, అందితే గ్యాసు వాల్వ్ మూయి, గాలి ఎటు నుంచి వీస్తోందో అటువైపు జనాన్ని దూరం తీసుకెళ్లు. గ్యాసు ఆపకుండా గ్యాసు మంటను ఆర్పడానికి చూడొద్దు. మంట ఆరి గ్యాసు వస్తూనే ఉంటే అది ఇంకా ప్రమాదం.

## 7. పది బస్సులతో మొదలు

మొదటి పది బస్సులను మూడు నెలలు నడపండి. అందులో కనీసం ఒక నెల ఎండాకాలం ఉండాలి. చలికాలంలో పాసైన ప్లాన్ మే నెలలో ఫెయిలవుతుంది.

ఆ పదిటినీ ఒకే డిపోలో పెట్టండి. నాలుగు డిపోలకు పంచితే ఎక్కడా మెకానిక్ చేయి తిరగదు, ఎక్కడా స్పేర్లు సరిపోవు. తర్వాత కూడా డిపో తర్వాత డిపో మార్చాలి, రూట్ తర్వాత రూట్ కాదు.

రోజూ రాసుకోవాల్సిన అంకెలు ఐదే: నింపిన కిలోలు, తిరిగిన కిలోమీటర్లు, నింపగానే ప్రెషర్, తెల్లారి ప్రెషర్, హోస్ దగ్గర ఆగిన నిమిషాలు. మూడు నెలల తర్వాత మీ దగ్గర కంపెనీ బ్రోచర్ కంటే మంచి లెక్క ఉంటుంది. 3వ మెట్టును ఆ అంకెలతో మళ్లీ వేసి, అప్పుడు మిగతా 50 బస్సులకు ఆర్డర్ పెట్టండి.

పాత డీజిల్ బస్సులన్నీ ఒక్కసారే అమ్మేయొద్దు. మొదటి ఏడాది ఏడెనిమిది బస్సులు, డీజిల్ బంకు అలాగే ఉంచండి.

## 8. రోజూ, వారానికోసారి చూడాల్సినవి

బస్సు బయలుదేరే ముందు:

- వాసన. గ్యాసుకు వాసన కలిపేదే అందుకు
- గేజ్ ప్రెషర్, రాత్రి రాసిన అంకెతో పోల్చి
- నాజిల్ తగిలించే చోట దుమ్ము మూత ఉందా
- ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ముల్లు పచ్చగీతలో ఉందా
- డ్యాష్‌బోర్డులో ఇంజిన్ లైట్ వెలగడం లేదు కదా
- కూలెంట్ లెవెల్

వారానికోసారి జాయింట్లన్నిటికీ సబ్బునీళ్లు, సిలిండర్ పట్టీల బోల్టులు, పట్టీ కింద రబ్బరు, ఎగ్జాస్ట్ దగ్గరగా వెళ్లే వైరింగ్, ఫిల్టర్ అడుగున నూనె. గ్యాసు బస్సుకు మంట అంటుకుందంటే అందరూ గ్యాసునే అంటారు. రాపిడికి ఒలిచిపోయిన వైరు, వేడి మానిఫోల్డ్ మీద కారిన ఇంజిన్ ఆయిల్ కూడా అంతే తేలిగ్గా అంటిస్తాయి.

## 9. తరచూ జరిగే తప్పులు, వాటికి మరమ్మతు

డీజిల్ ఇంజిన్ ఆయిలే పోయడం. స్టోర్‌లో మిగిలిపోయిందని పోసేస్తారు. అందులోని బూడిద కంబషన్ ఛాంబర్‌లో పేరుకుని అకాలంగా మంట పుట్టిస్తుంది. గ్యాసు ఇంజిన్ ఆయిల్ వేరు. డ్రమ్ముకు వేరే రంగు వేసి వేరే గదిలో పెట్టండి.

ఆయిల్ నల్లబడలేదని మార్చకపోవడం. డీజిల్‌లో ఆయిల్ నలుపు చూసి మార్చే అలవాటు మనది. గ్యాసు ఇంజిన్‌లో మసి తక్కువ కాబట్టి ఆయిల్ తేటగానే కనిపిస్తుంది, కానీ వేడికి చిక్కబడి పాడవుతుంది. రంగు చూడొద్దు, కిలోమీటర్లు చూసి మార్చండి.

మిస్‌ఫైర్‌తో నడిపేయడం. ఒక ప్లగ్ పనిచేయకపోతే కాలని గ్యాసు క్యాటలిస్ట్‌లోకి వెళ్లి అక్కడ కాలుతుంది. క్యాటలిస్ట్ ఎర్రగా కాలి కరిగిపోతుంది. ప్లగ్ ఖర్చు వందల్లో, క్యాటలిస్ట్ ఖర్చు దానికి ఎన్నో రెట్లు. ఇంజిన్ లైట్ వెలిగిన బస్సును రెండో ట్రిప్‌కు పంపొద్దు.

రెగ్యులేటర్ గడ్డకట్టడం. ప్రెషర్ ఒక్కసారిగా తగ్గేచోట గ్యాసు చల్లబడుతుంది. ఆ చోటును వెచ్చగా ఉంచేది ఇంజిన్ కూలెంట్. కూలెంట్ తగ్గితే ఏప్రిల్ ఎండలో కూడా రెగ్యులేటర్ మీద తెల్లటి మంచు కనిపిస్తుంది, బండి లాగదు. కొత్త మెకానిక్ ఇంజిన్ విప్పేస్తాడు. ముందు కూలెంట్ చూడమనండి.

ట్యాపెట్ సెట్టింగ్ (ఇంజిన్ వాల్వుల సందు సరిచేయడం) వాయిదా వేయడం. గ్యాసు పొడి ఇంధనం, వాల్వ్ సీట్లు త్వరగా అరుగుతాయి. డీజిల్ షెడ్యూల్ ప్రకారం చూస్తే ఆలస్యమే.

ఫిల్టర్‌లో నూనె. వారానికి ఒకటి రెండు చుక్కలు మామూలే. ఫిల్టర్ అడుగు గిన్నె నిండుతోందంటే తప్పు బస్సుది కాదు, స్టేషన్ కంప్రెసర్‌ది. ఫోటో తీసి, తేదీ వేసి గ్యాసు కంపెనీకి పంపండి. ఒప్పందంలో ఆ మాట ఎందుకు రాయించమన్నానో అప్పుడు తెలుస్తుంది.

## 10. హైడ్రో టెస్టు తేదీలు

మన దగ్గర స్టీలు సిలిండర్లకు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు (నీటి ప్రెషర్‌తో సిలిండర్ బలం చూసే పరీక్ష) చేయించాలి. తేదీ దాటితే బంకులో గ్యాసు పట్టరు, పట్టకూడదు.

60 బస్సులు ఒకే నెలలో కొన్నారనుకోండి, బస్సుకు ఆరు సిలిండర్లు. మూడేళ్ల తర్వాత ఒకే నెలలో 360 సిలిండర్లు టెస్టుకు వస్తాయి. చుట్టుపక్కల టెస్టింగ్ సెంటర్లు అన్ని చేయలేవు. రెండో ఏడాది మధ్య నుంచే నెలకు మూడు నాలుగు బస్సుల చొప్పున ముందుగా పంపించండి. ఒకటి రెండు సెట్ల సిలిండర్లు స్పేర్‌లో ఉంటే బస్సు ఆగదు. ప్రతి సిలిండర్ నంబరు, టెస్టు తేదీ, ఏ బస్సు మీద ఉందో ఒకే రిజిస్టర్‌లో ఉండాలి. సిలిండర్లు బస్సులు మారాక ఎవరికీ ఏమీ గుర్తుండదు.

## 11. సీఎన్‌జీ తర్వాత

చెత్త నుంచి, పేడ నుంచి తీసే కంప్రెస్డ్ బయోగ్యాస్ కూడా మీథేనే. శుద్ధి సరిగ్గా ఉంటే ఇవే బస్సుల్లో నడుస్తుంది, ఏమీ మార్చక్కర్లేదు. కొనే ముందు తేమ, హైడ్రోజన్ సల్ఫైడ్ టెస్టు రిపోర్టు అడగండి, ఆ రెండూ సిలిండర్‌ను లోపలి నుంచి తినేస్తాయి. ఢిల్లీలోని రాజ్‌ఘాట్ డిపోలో 2020లో 50 బస్సులను 18 శాతం హైడ్రోజన్ కలిపిన సీఎన్‌జీతో నడిపి చూశారు. అది ప్రయోగంగానే చూడండి, మీ డిపో ప్లాన్‌లో ఇప్పుడే పెట్టుకోవద్దు.

## 12. గ్యాసు ఆగిపోయిన రాత్రికి గోడ మీద కాగితం

పైప్‌లైన్ మరమ్మతు, కంప్రెసర్ ట్రిప్, కరెంట్ పోవడం. ఏడాదిలో ఒకటి రెండు రాత్రులు తప్పవు. కంట్రోలర్ గదిలో ఈ కాగితం అతికించి ఉండాలి:

- రాత్రి 11లోపు ఆగితే: గ్యాసు కంపెనీ రాత్రి డ్యూటీ ఇంజనీర్‌కు ఫోన్, టైమ్ రాసుకోవాలి
- 11:30 దాకా రాకపోతే: స్టాండ్‌బై కంప్రెసర్, అదీ లేకపోతే క్యాస్కేడ్‌లో ఉన్న గ్యాసు నాలుగున్నర, ఐదు గంటల బస్సులకే
- ఒంటిగంట దాకా రాకపోతే: సగం ట్యాంకు పైన ఉన్న బస్సుల లిస్టు తీసి చిన్న రూట్లకు మార్చాలి
- రెండింటికి: డీజిల్ స్పేర్ బస్సులు స్టార్ట్ చేసి చూడాలి, దగ్గరి మదర్ స్టేషన్‌కు పంపే బస్సులు, డ్రైవర్లు ఎవరో పేర్లు రాయాలి
- మూడింటికి: క్యాన్సిల్ అయ్యే సర్వీసుల నంబర్లు బస్టాండ్ ఎంక్వయిరీకి చెప్పాలి

ఆ కాగితంలోని ఫోన్ నంబర్లు మూడు నెలలకోసారి చేసి చూడండి. మేం ఒకసారి రాత్రి ఒంటిగంటకు చేస్తే ఫోన్ ఎత్తిన పెద్దాయన, తాను బదిలీ అయి ఏడాదైందని, కొత్తాయన నంబరు తన దగ్గర లేదని చెప్పాడు.